ఓటీ చేసిన ఓరటోరియో

ఓరటోరియో అంటే ఏందని అడుగుతారా? ఓర్చుకుంటే వినిపించేది. వేషాలుండవు, తెరలుండవు. బైబిల్ కథను గుంపులు గుంపులుగా నిలబడి గంటల తరబడి పాడటమే. కాళ్లు కదపని యక్షగానం అనుకోండి.

గోదావరిఖనిలో మా చర్చి కాయర్‌కు, అంటే పాటల బృందానికి, మాస్టరు జెకర్యా. పొద్దంతా ల్యాంపు రూములో బొగ్గుబాయికి దిగేవాళ్లకు దీపాలిస్తాడు, సాయంత్రం అదే మనుషులకు శ్రుతి ఇస్తాడు. దీపాలైతే షిఫ్టు దిగంగనే అప్పజెప్పేవాళ్లం. శ్రుతిని మాత్రం ఎక్కడ పారేసుకునేవాళ్లమో తెలియదు. బొగ్గుకూ బొంగురుకూ మధ్య ఎంత దూరమని? నన్ను బేస్ గుంపులో, అంటే అడుగు గొంతుల వాళ్లలో నిలబెట్టి, "నీకు బేస్ ఉన్నది గని బేసిక్కులు లెవ్వు" అనేవాడు.

ఆయనకో బావ ఉన్నాడు, రత్నం. అక్క మొగుడు. రామగుండంలో కరెంటు ప్లాంటు ఫిట్టరు, అక్కడి చర్చి కాయర్‌కు మాస్టరు. ఇద్దరూ ఎదురుపడితే మంచీచెడూ తరువాత, ముందు ఓరటోరియోల పంచాయితీ. పాతకాలపు దొరలిద్దరు రాసిన రెండు పెద్ద ఓరటోరియోలు వీళ్లు పంచుకున్నారు. సృష్టి కథ రత్నానిది, రక్షకుని కథ జెకర్యాది. పొలం పంచుకున్న అన్నదమ్ములు కూడా గట్టు దగ్గర అంత కొట్లాడుకోరు.

"ముందుగాల అంతా చీకటి బామ్మర్దీ. గుసగుసగ పాడుతుంటరు. వెలుగు అన్న మాట కాడికి రాంగనే అన్ని గొంతులు ఒక్కసారే భగ్గుమంటయి. గంతకన్న గొప్ప కోరస్ లోకంల ఏడున్నది?" అంటాడు రత్నం.

"గది స్విచ్చి వేసుడు బావా, పాడుడు గాదు. మా కథల గొంతులు ఒకదాని ఎంబడి ఒకటి ఎక్కుతయి, జడ అల్లినట్టు. నీది స్విచ్చి, నాది కుచ్చు."

"మీ దొర పాట లండన్‌ల విన్నంకనే మా దొర తనది రాసిండట. ఇని నేర్సుకొని, నేర్సుకొని మించిండు."

"మా బొగ్గు రాకుంటే మీ వెలుగేడిది బావా, చెప్పు."

ఇట్లా నడుస్తుండగా ఎనభై ఎనిమిదిలో, క్రిస్మస్‌కు నెల ముందు, రెండు చర్చీలనూ చూసుకునే పాస్టరు అయ్యగారు ఇద్దరినీ పిలిపించారు. ఏటా పండుగనాడు ఎవరి కాయర్ ముందు పాడాలన్న లొల్లిలో వంటలు చల్లారిపోతున్నాయని ఆయన బాధ.

"ఈసారి ఇద్దరు తలా ఒక కోరస్ పాడుండ్రి. మంచిగ పాడిన కాయరే రెండు చర్చీలకు ఉంటది. రెండోది వచ్చే ఏటి నుంచి బెంచీల మీద కూసోని ఇంటది."

జెకర్యా ముఖం బ్యాటరీ దిగిన క్యాప్ ల్యాంపు అయింది. ల్యాంపు రూము కిటికీ దగ్గర దీపం నంబరు చెప్పే గొంతు విని, ఒక్కొక్కరినే ఏరుకుని, వాళ్ల ఇండ్ల ఆడవాళ్లనూ కలుపుకుని కట్టుకున్న కాయర్ అది. ఆయనకు బిడ్డలు లేరు. మేమే బిడ్డలం, అదీ తప్పిపోయే శ్రుతులున్న బిడ్డలం.

రక్షకుని కథలోంచి గొంతులు అల్లుకునే కోరస్ ఒకటి తెలుగు చేసుకున్నాడు. మాకు అర్థం కావాలని మా భాషలోనే చెప్పాడు.

"ఇది షిఫ్టుల లెక్క. మొదటి షిఫ్టు టెనర్లు, మగోళ్లల పై గొంతులోళ్లు. ఆళ్లు పాడుతుండంగనే రెండో షిఫ్టు బేస్ దిగుతది. ఎన్క ఆడోళ్లు దిగుతరు. సమజైందా?"

సమజైంది. మరీ ఎక్కువ సమజైంది. టెనర్ల పెద్ద బుచ్చన్న పాట ఎత్తుకున్నాడు. మేం బేస్ వాళ్లం దిగాం. దిగంగనే బుచ్చన్న నోరు మూసి, తువ్వాలతో ముఖం తుడుచుకుని గోడకు ఆనుకున్నాడు. టెనర్లందరూ ఆనుకున్నారు. ఆడవాళ్లు అందుకోగానే మేమూ ఆగిపోయాం. అల్లాల్సిన జడ మూడు తోకలై వేలాడింది.

"ఆపినవేందయ్యా బుచ్చన్నా?" అన్నాడు జెకర్యా.

"రిలీవర్ వచ్చిండు గద మాస్టరూ."

బాయిలో అదే కట్టుబాటు. నీ జాగాకు మనిషి వచ్చేదాకా కదలకూడదు, వచ్చినాక నిలబడకూడదు. ఇరవై ఏళ్లు ఒంటికి పట్టిన అలవాటు పాటలోకి వచ్చి కూర్చుంది. జెకర్యా రోజూ మొత్తుకున్నాడు, మేం రోజూ తలలూపాం, రోజూ పక్కగుంపు గొంతు వినంగనే మా గొంతులు దిగిపోయాయి. పండుగ వారం దూరంలోకి వచ్చింది. అవతల రామగుండంలో రత్నం కాయర్ వెలుగును మెరుగు పెడుతున్నదని కబురు.

ఆఖరికి ఆడవాళ్లలో ముందు నిలబడే సారలమ్మ, బుచ్చన్న పెండ్లామే, నోరు విప్పింది.

"మాస్టరూ, ఇది షిఫ్టు అయినంక చేసే ఓటీ అని చెప్పుండ్రి. ఓటీ అంటే మా ఆయన పండుగనాడు గూడ ఇంటికి రాడు."

జెకర్యా చెప్పాడు. "రిలీవర్ వచ్చినా మీది ఓటీ నడుస్తుంటది. ఎవ్వలు దిగద్దు."

ఆ సాయంత్రం మొదటిసారి ఎవరూ గోడకు ఆనుకోలేదు. గొంతు మీద గొంతు ఎక్కింది. అయితే రోజూ సగంలోనే కరెంటు పోవడమో, రాత్రి షిఫ్టు వాళ్లు లేచి వెళ్లిపోవడమో అయ్యేది. చివరి వరస దాకా వెళ్లిందే లేదు. ఓటీ ఎప్పుడు అయిపోతుందో జెకర్యా చెప్పలేదు. మేమూ అడగలేదు. ఓటీ ఎప్పుడు బంద్ అని అడిగే కార్మికుణ్ణి మీరెక్కడైనా చూశారా?

పండుగనాడు ముందు రత్నం కాయర్ పాడింది. గుసగుస, ఇంకా సన్నని గుసగుస, ఆ తరువాత వెలుగు. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచారు. నా చేతి వెంట్రుకలు కూడా లేచాయి, అవి నాకన్నా ముందు లేచే రకం కాదు. జెకర్యా తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

తరువాత మేం. బుచ్చన్న ఎత్తుకున్నాడు, మేం దిగాం, ఆడవాళ్లు దిగారు. ఎవరూ ఆగలేదు. సారలమ్మ గొంతు అందరి మీదుగా పైకెక్కుతుంటే జెకర్యా కళ్లు చెమర్చాయి. చివరి వరస వచ్చింది. ఆయన పిడికిలి బిగించి, ఆపమని సైగ చేశాడు.

బుచ్చన్న ఆపలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. టెనర్లు ఓటీ చేస్తుంటే బేస్ ఇంటికెట్లా పోతుంది? మేమూ దిగాం. జెకర్యా చేయి ఊపాడు. జోరు పెంచమంటున్నాడనుకుని పెంచాం. బెంచీల మీది వాళ్లు ఇది ఇంతే గొప్పది కాబోలని తలలూపుతున్నారు. మూడో చుట్టుకు జెకర్యా ముఖంలో నెత్తురు లేదు. కాయర్ పోయిందని ఆయన పెదవులే చెబుతున్నాయి.

అప్పుడు ముందు బెంచీలోంచి రత్నం లేచాడు. జెకర్యా పాట తనకు పడదని ఊరంతా చెప్పుకునే మనిషికి ఆ పాట అక్షరం అక్షరం వచ్చు. మా చివరి వరస దాకా ఆగి, తన కాయర్‌కు చేయి ఎత్తాడు. ఆమేన్ అని ఆ గొంతులన్నీ ఒక్కసారే భగ్గుమన్నాయి. మాకది షిఫ్టు దిగే సైరన్ లాగా వినిపించింది. అందరం టక్కున ఆగాం.

తరువాత చర్చి కప్పు ఎగిరేటట్టు చప్పట్లు.

అయ్యగారు లేచి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఒక్క కాయర్ చాలనుకున్న. తప్పే. వీళ్లకు ఆపుడు రాదు, వాళ్లు లేకుంటే మనం రేపటిదాక ఈడనే ఉందుము. రెండు ఉండుండ్రి. ఇగ అన్నాలకు నడువుండ్రి."

బంతిలో బావాబామ్మర్దులిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరిది గొప్ప ఓరటోరియో అన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. రత్నం గొంతు తగ్గించి అడిగాడు.

"బామ్మర్దీ, ఆ ఆడోళ్ల గొంతు పైకెక్కే జాగ, ఎట్ల నేర్పినవ్?"

"చెప్త. ముందు నువ్వా గుసగుస సంగతి చెప్పు. మావోళ్లు మెల్లగ మాట్లాడుడే ఎరుగరు."

రత్నం విస్తరి పక్కన వేలితో తాళం వేస్తూ మొదలుపెట్టాడు. వడ్డించేవాళ్లు రెండుసార్లు కూర తెచ్చి, వాళ్లకు వినపడక, మా బంతికి తిరిగారు.