కొలవని ఎడమ రెక్క

మే నెల రాయపూర్ ఎండలో బోగన్‌విలియా ముళ్ళలోకి చెయ్యి పెట్టడం ఎవరికి మాత్రం ఇష్టం? ఫణిశ్రీ కూడా పెట్టలేదు. గోరా కోఠీ అనే పాత బంగళా గేటు కుడి రెక్కను అంగుళం అంగుళం కొలిచింది. ముళ్ళకంప కమ్మేసిన ఎడమ రెక్కను వదిలేసింది. ఆఫీసుకొచ్చి, కంప్యూటర్లో కుడిదాన్నే అద్దంలో బొమ్మలా తిప్పి ఎడమదిగా అతికించింది. కింద "స్థలంలో కొలిచినది" అని రాసి సంతకం కూడా పెట్టింది. ఆ సంతకమే కొంప ముంచింది.

ఆమెను మరీ తిట్టడానికీ లేదు. ఆ కోఠీ కట్టించిన ఇంగ్లీషు వ్యాపారికి తన ఊళ్ళోని జార్జియన్ ఇళ్ళంటే ప్రాణమట. నడుమ తలుపు, దాని నెత్తిన విసనకర్ర ఆకారంలో అద్దాలు, అటు ఎన్ని కిటికీలో ఇటూ అన్నే. గేటుకీ అదే లెక్క. "సగం కొలిస్తే ఇల్లంతా కొలిచినట్టే" అనేవాడు ఆమె పైఅధికారి, ఆర్కిటెక్టు ధనుంజయ్ సాహెబ్. కానీ ఎప్పుడో లారీ గుద్ది ఎడమ స్తంభం పడిపోతే, మళ్ళీ కట్టినవాడు దాన్ని నాలుగంగుళాలు పక్కకి జరిపి కట్టాడు. ఆ రెక్కకి ఇనప పట్టీ అతికి వెడల్పు చేశారు. ముళ్ళు తప్పించి చూస్తే చాలు, కనబడేది.

పరదేశి చూశాడు. ఊరి పక్కన ధర్సీవాలో వెల్డింగ్ షాపు అతనిది. పాత గేటు పోలికలోనే కొత్తది చేసే పని అతనికే ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళ కిందట శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. ఫణిశ్రీ వాళ్ళ నాన్న రైల్వే క్వార్టర్ వదిలి సొంతిల్లు కట్టుకున్నప్పుడు కిటికీలకి చువ్వలు బిగించింది అతనే. పని మొదలెట్టేముందు స్వయంగా కోఠీకి వెళ్ళి, టేపు పట్టి, ఆమెకి ఫోన్ చేశాడు.

"తల్లీ, ఎడమ రెక్క నీ నక్షా కంటే నాలుగంగులాలు ఎక్కువొస్తంది. ఓపాలి సూసుకో."

"నేను కొలిచాను బాబాయ్! నక్షా ప్రకారం చేసెయ్" అంది. విసుక్కుంది కూడా, అదీ దరిద్రం.

గేటు బిగించిన రోజు, కోఠీని మ్యూజియం చేయిస్తున్న ట్రస్టు పెద్దలంతా వచ్చారు. రెండు రెక్కలూ మూస్తే నడుమ పిల్లి దర్జాగా దూరిపోయేంత సందు! ధనుంజయ్ సాహెబ్ మొహం కందగడ్డయింది. అందరి ముందూ పరదేశి మీద విరుచుకుపడ్డాడు. "అంధా హై క్యా? టేప్ పకడ్‌నా నహీ ఆతా?" కళ్ళు లేవా, టేపు పట్టడం రాదా అని అరవయ్యేళ్ళ మనిషిని, తన కూలీల ఎదుట! నక్షా చుట్ట పట్టుకుని నిలబడ్డ ఫణిశ్రీ మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల్నుంచి ఎవరో పొడుస్తూనే ఉన్నారు. పరదేశి ఆమె వైపు చూశాడు. ఆమె స్తంభం వైపు చూసింది.

"గల్తీ మేరీ హై సాబ్" అన్నాడతను.

"కల్ సే మేరే కిసీ కామ్ పే మత్ దిఖ్‌నా" అన్నాడు సాహెబ్. రేపట్నుంచి తన ఏ పనిలోనూ కనబడొద్దని. అంటే తర్వాత రావలసిన కోఠీ కిటికీల పని కూడా పరదేశి చేతిలోంచి పోయినట్టే. ఫణిశ్రీ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. అంతకన్నా సిగ్గుచేటు ఏమిటంటే, తప్పు తనదని అతననగానే ఆమెకి ముందు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది.

ఆ హమ్మయ్యే ఆమెకి అన్నం సహించనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద ధర్సీవా వెళ్ళింది. పరదేశి ఎవరింటి మెట్ల రెయిలింగుకో ఎర్రరంగు పూస్తున్నాడు.

"బాబాయ్, నేను ఆ రెక్క కొలవలేదు."

"ఎరుగుదును" అన్నాడు. "కొలిసినోలు కొలత సెప్తారు తల్లీ. నువ్వు కొలిసేనన్నావు గానీ ఎంతో సెప్పనేదు. నాలుగురోజులు ఆ రెక్క ముట్టుకోనేదు నాను, మల్లీ ఫోన్ సేస్తావేమోనని."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది ఆమెకి. "మరి నిన్న తప్పు నీదని ఎందుకన్నావు?"

"అలగంటే నువ్వు నోరిప్పుతావనుకున్నాను."

ఆ మాటలో కోపం ఉన్నా బాగుండును. లేదు. ఫణిశ్రీ కళ్ళు తుడుచుకుని గబగబా ఫోన్ తీసింది. "ఇప్పుడే సాహెబ్‌కి చెప్తాను బాబాయ్. నీ ఎదురుగానే చెప్తాను."

పరదేశి బ్రష్షు డబ్బాలో పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"సాబు నన్ను ఫోన్లో తిట్టనేదు కదమ్మా."

ఆమె ఫోన్ సంచీలో పడేసింది. పదిన్నరకి ట్రస్టు వాళ్ళంతా మళ్ళీ కోఠీ దగ్గరికి వస్తున్నారు. స్కూటీని రాయపూర్ వైపు తిప్పింది.