పెద్ద కూర గిన్నె

నేను ఒక సత్తు గిన్నెను. నాలుగు శేర్ల నీళ్ళు పడతాయి నాలో. ఇప్పుడు నన్ను చూస్తే అడుగు మాడి, ఒక పక్క సొట్ట పడి, మూతకూ నాకూ సరిగ్గా పొత్తు కుదరక ఉంటాను. నా కథ గొప్పగా చెప్పుకునేది కాదు. ఎక్కువ భాగం సిగ్గుపడ్డ కథే. అయినా చెబుతాను.

ఎక్కడో ఒక కార్ఖానాలో సత్తు రేకును గుండ్రంగా కోసి, అచ్చులో ఒత్తి నన్ను చేశారు. మహబూబాబాద్ సంతలో గోనె పట్టా మీద నాలాంటి వాళ్ళం నలభై మందిమి ఒకరిలో ఒకరం దూరి కూర్చున్నాం. రాహేలమ్మ అనే ముసలామె వచ్చి అందరినీ వేలి కణుపుతో కొట్టి చూసి నన్ను పైకి తీసింది.

"అడుగు మందమేనా? గంటలకొద్ది ఉడకాలె," అంది.

"ఏం వండుతవవ్వా, పాసెమా?" అన్నాడు గిన్నెలతను నవ్వుతూ.

"పెద్ద కూర," అంది రాహేలమ్మ, నవ్వకుండా.

అతను నన్ను తూచాడు. తూచి ఆమె చేతికి ఇవ్వలేదు. నేల మీద పెట్టాడు. ఆమె వంగి ఎత్తుకుంది. అప్పుడే పుట్టినదాన్ని కదా, నేను బరువుగా ఉన్నానని అలా పెట్టాడేమో అనుకున్నాను. అసలు సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రాహేలమ్మ ఇల్లు డోర్నకల్ దగ్గర పల్లెలో, ఊరికి ఎడంగా ఉండే వాడలో. ఆదివారం చర్చి గుడి నుంచి రాగానే నన్ను పొయ్యి మీదికి ఎక్కించేవాళ్ళు. పెద్ద కూర అంటే గొడ్డు మాంసం. మూలుగ ఉన్న బొక్కలు అడుగున, కండ ముక్కలు పైన, పసుపు, ఉప్పు, నిండా నీళ్ళు. తెట్టె మూడుసార్లు తీయాలి. దంచిన అల్లం, ఎల్లిగడ్డ, వేయించి నూరిన ధనియాలు, మిరియాలు, రెండు లవంగాలు. మూత తిరగేసి పెట్టి దాని గుంటలో నీళ్ళు పోసేవాళ్ళు. చారు ఇగిరిపోతే ఆ వేడి నీళ్ళే లోపలికి. చన్నీళ్ళు పోస్తే కండ బిగుసుకుపోతుంది. ముక్క మెత్తబడ్డాక, చివరి అరగంటలో, ఆలుగడ్డలు పొట్టుతోనే రెండుగా కోసి వేయాలి. ఒక్క ఆలుగడ్డను మాత్రం గరిటెతో మెదిపి కలిపేస్తే చారు చిక్కబడుతుంది. ఇదంతా రాహేలమ్మ తన కోడలు సువార్తమ్మకు నేర్పింది. ఇంకొకటి కూడా నేర్పింది. పొయ్యి మీద గిన్నె ఉండగా గడపలోకి వచ్చి అడిగినవాళ్ళకు లేదు అనకూడదు. ఆ ఇంట్లో అది బైబిల్ వాక్యమంత గట్టిది.

రాహేలమ్మ పోయింది. ఆ తరవాత రెండేళ్ళకు ఆమె కొడుకూ జ్వరంతో పోయాడు. సువార్తమ్మకు మిగిలింది నేనూ, ఒక్క కూతురు సుజనా. మిరప తోటల్లో కాయలు ఏరి ఆమె సుజనను చదివించింది.

ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం సుజన బడి స్నేహితురాలు పుస్తకం కోసం గుమ్మంలోకి వచ్చింది. నేను అప్పుడే పొయ్యి దిగాను. సుజన నన్ను ఉత్త చేతులతో పట్టుకుని మంచం కిందికి తోసి, మీద గోనెసంచి కప్పేసింది.

"ఏం కూరే మీ ఇంట్ల?" అంది ఆ పిల్ల.

"టమాట పప్పు," అంది సుజన, కాలిన చేతులు వెనక్కి పెట్టుకుని.

సువార్తమ్మ అంతా చూసింది. కూతురి వేళ్ళకు వెన్న రాసిందే గాని ఒక్క మాట అనలేదు. ఆ రోజు అనాల్సిందని తరవాత ఆమె చాలాసార్లు అనుకుంది. మంచం కింద చీకట్లో గోనెసంచి కప్పుకుని కూర్చున్న నేను మొదటిసారి సిగ్గుపడ్డాను. తప్పేమిటో తెలియదు. దాచారు కాబట్టి ఏదో తప్పే ఉంటుందనుకున్నాను. మనుషులు దేన్నైనా దాస్తే, ఆ దాచిన వస్తువు కూడా వాళ్ళ మాటే నమ్ముతుంది.

సుజన రక్త పరీక్షల కోర్సు చదివి, ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్ళైంది. భర్త లారీ తోలుతాడు, వారానికొకసారి ఇంటికి వస్తాడు. వాళ్ళు ఉండేది ఒక మేడ ఇంటి కింది వాటా. పైన ఇంటావిడ అనసూయమ్మ, ఆమె భర్త పట్టాభి గారు. ఇల్లు ఇచ్చిన రోజే అనసూయమ్మ ఒక మాట చెప్పిందట.

"కోడి తినండి, మేక తినండి, మేమూ తింటం. ఆ పెద్దది మాత్రం మా ఇంట్ల పొయ్యెక్కొద్దు. మా దేవుడి గది సరిగ్గ మీ వంటింటి మీదనే."

"మేం తినం ఆంటీ," అంది సుజన. అబద్ధమే. కాని ఖమ్మంలో ఆ అబద్ధం ఆడకుండా ఆమెకు ఇల్లు దొరకలేదు. అప్పటికి నాలుగు ఇళ్ళు తిరిగింది.

సుజనకు కాన్పు ఆపరేషన్ అయింది. కుట్లు, నీరసం, ఒంట్లో రక్తం తక్కువ, పాలు సరిగా పడటం లేదు. సువార్తమ్మ పల్లె నుంచి వచ్చింది. నన్ను పాత చీరలో చుట్టి, నా కడుపులో మాంసం, మీద తోటకూర కట్టలు పెట్టి తెచ్చింది.

మూట విప్పగానే సుజన మొహం పాలిపోయింది. "అమ్మా! ఎవరన్నా చూసిండ్రా?"

"ఎవరు చూస్తరే? తోటకూర చూసిండ్రు."

"నీకు దండం పెడత. మాటిచ్చిన నేను."

"నీ మొకం అద్దంల చూసుకున్నవా? సున్నం కొట్టినట్టున్నది. పిల్లగానికి పాలు లేవు. ఒక్కసారే."

సుజన తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చారు తాగి ఎన్నాళ్ళయిందో ఆమె గొంతు కదలడంలోనే తెలిసింది. లేచి వంటింటి కిటికీ మూసింది.

మూసిన గదిలో ఉడికాను. వాడలో ఆరుబయట పొయ్యి మీద ఉడికినప్పుడు నా వాసన నలుగురికీ చెప్పుకుంటూ పోయేదాన్ని. ఇక్కడ గాజు తలుపుకు తగిలి వెనక్కి వస్తుంటే, నా వాసనకు నేనే తల దించుకున్నాను. ఆలుగడ్డలు వేసే వేళకు వాసన కిటికీని లెక్కచేయకుండా మేడ మెట్లెక్కింది.

అనసూయమ్మ దిగి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె.

"ఏం వండుతున్నరమ్మా? పైన ఆయన ముక్కు ఎగబీల్చి ఎగబీల్చి, పోయి చూసి రమ్మని నన్ను తరిమిండు."

"మేక బొక్కల చారు ఆంటీ," అంది సుజన. ఏడో తరగతి పిల్ల ఎంత వేగంగా అన్నదో అంతే వేగంగా.

"అయ్యో, మంచి మాట చెప్పినవ్! ఆయనకు స్కూటర్ మీదికెళ్ళి పడి కాలిరిగినప్పటి నుంచి అందరు బొక్కల చారు పొయ్యమనేటోళ్ళే. నాకు వండనే రాదు. నీల్లు నీల్లుగ చేస్తే మొకాన కొడతడు. జెర ఇందుల పొయ్యి సువార్తమ్మా."

సువార్తమ్మ చేతిలో గరిటె ఉంది. ఒక చెవిలో అత్త నేర్పిన మాట: అడిగినవాళ్ళకు లేదనకు. ఇంకో చెవిలో కూతురు ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. నిజం చెబితే పసిగుడ్డుతో సహా రోడ్డు మీద పడతారు. గరిటె నాలో మునిగింది. రెండు బొక్కలు, నాలుగు ఆలుగడ్డ ముక్కలు, నిండా చారు. నేను ఇవ్వనని ఎలా అనగలను? గిన్నెను. వంచితే పోస్తాను.

అనసూయమ్మ వెళ్ళాక సుజనకు నవ్వు ఆగలేదు. కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. "మన గాలి సోకొద్దన్నోళ్ళు జుర్రుకుంట తాగుతున్నరమ్మా!"

సువార్తమ్మ నవ్వలేదు. కూతురికి చారు పోసి ఇచ్చింది గాని తను తినలేదు.

పొద్దున ఆ స్టీలు గిన్నె మళ్ళీ కిందికి వచ్చింది, ఖాళీగా కాదు, నాలుగు అరటిపండ్లతో. "రాత్రి రెండుసార్లు పోయించుకున్నడు. నేను కూడ ఇంత నాకి చూసిన. ఏం చెయ్యి సువార్తమ్మా నీది! ఇయ్యాల గోడ పట్టుకోని నిలబడ్డడు తెలుసా?" అంది అనసూయమ్మ. నిన్నటిదాకా మెట్ల మీదే నిలబడి మాట్లాడే మనిషి, లోపలికి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

ఆమె పోయాక సువార్తమ్మ ఆ అరటిపండ్లను తాకలేదు.

"తిట్టలే, కొట్టలే, పండ్లిచ్చింది. ఇంక నీ బాధేంది?" అంది సుజన.

"నీకు ఎవరన్న మీ నాన్న సమాధి మట్టి తెలవకుంట తినిపిస్తే ఎట్లుంటది?"

"దానికీ దీనికీ పోలికేంది? మనం తినేది మట్టా?"

"మనకు గాదు. ఆమెకు. ఆమె వద్దన్నది, ఆమెకు తెలవకుంట ఆమె నోట్లె పెట్టిన. నా చేత్తోని."

"మరి మనల్ని ఊరంతా తిప్పించిన సిగ్గు వాళ్ళకుండదా?"

కూతురు అన్నదీ నిజమే. సువార్తమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి బూడిదతో మూడుసార్లు తోమింది. నాకు మంట పుట్టింది. ఆమె తోముతున్నది నన్ను కాదని తెలిసినా మంట మంటే.

ఆదివారం అనసూయమ్మే మేక బొక్కలు తెచ్చింది. "మీకూ మాకూ కలిపి నువ్వే వండు. అట్లనే ఉండాలె, మొన్నటిలెక్కనే."

సువార్తమ్మ అన్నీ అలాగే చేసింది. తెట్టె తీసింది, మూత మీద నీళ్ళు పోసింది, ఒక ఆలుగడ్డ మెదిపింది. నేనూ నా శక్తికొద్దీ ఉడికించాను. చారు పైకి పోయింది. పది నిమిషాల్లో అనసూయమ్మ తిరిగి వచ్చింది.

"ఆ రుచి రాలేదంటున్నడు. పిల్లగానిలెక్క అలిగి కూసున్నడు. ఏం తేడా చేసినవ్ సువార్తమ్మా? ఏదన్న ఆకు వేసినవా మొన్న? నాకు నేర్పు, నేనే చేసుకుంట."

సుజన పిల్లవాడికి పాలిస్తూ తల్లి వైపు చూసింది. చెప్పకు అని ఆ చూపు. ఏదో ఒక ఆకు పేరు చెబితే సరిపోయేది. సువార్తమ్మ పెదవులు రెండుసార్లు కదిలాయి. ఆమె గరిటెను నా అంచు మీద పెట్టింది.

"మొన్నటిది మేకది కాదమ్మా."

అనసూయమ్మకు ముందు అర్థం కాలేదు. "మరి గొర్రెదా?"

సువార్తమ్మ తల అడ్డంగా ఊపింది.

అనసూయమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు కాలిన అడుగు కన్నా నల్లబడ్డాను. ఆమె చేయి తనకు తెలియకుండానే నోటి మీదికి పోయింది.

"తెలిసే పోసినవా?"

"తెలిసే పోసిన. నా బిడ్డను ఏమనకమ్మా. తెచ్చింది నేను, వండింది నేను, పోసింది నేను. అది వద్దనే అన్నది."

అనసూయమ్మ పీట మీద కూర్చోలేదు. గడప మీద కూలబడింది. ఆమె అరిస్తే బాగుండునని సువార్తమ్మకు అనిపించింది. పైనుంచి పట్టాభి గారి గొంతు వినిపించింది: "ఏమే! ఏం చెప్పింది? ఏం తక్కువైందట?"

అనసూయమ్మ తల ఎత్తి పైకి చూసింది. "ఉప్పు!" అని అరిచింది. "ఉప్పు తక్కువైందట!"

తరవాత తనే ఆ మాటకు బిత్తరపోయింది. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"ఆయనకు చెప్పొద్దు," అంది లేస్తూ, గొంతు తగ్గించి. "తట్టుకోలేడు. ఇప్పుడిప్పుడే నిలబడుతున్నడు. బాలింతను ఇప్పుడు పొమ్మంటే నాకు పాపం. మూడో నెల నిండినంక వేరే ఇల్లు చూసుకోండి." గుమ్మం దాటి ఒక్క క్షణం ఆగింది. "చెప్పకపోతే నాకు తెలిసేది గాదు గద సువార్తమ్మా. ఎందుకు చెప్పినవ్?" అంది. అది కోపమో, బతిమాలుకోవడమో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ మెట్ల మీద నిలబడే మాట్లాడింది.

సుజన వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. వారం దాటాక ఒకరోజు పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతూ, "చిన్నప్పుడు టమాట పప్పు అన్ననాడు ఒక్కటి కొట్టి ఉంటే నాకు అలవాటు కాకపోయేది," అంది. సువార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత వాళ్ళ మధ్య మాటలు నెమ్మదిగా మొదలయ్యాయి.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఆటోలో సామాను ఎక్కిస్తుండగా పట్టాభి గారు చేతికర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. ఎవరి సాయమూ లేకుండా. వెనకే అనసూయమ్మ.

"నడుస్తున్న చూడు సువార్తమ్మా," అన్నారాయన. "డాక్టర్ది గాదు, నీ చారుదే మహిమ. మీరెందుకు పోతున్నరో నాకు తెలవదు, ఈమె చెప్పదు. ఆ మొదటి రోజు చారు మల్ల తాగకుండనే పోత కావచ్చు."

ఆయన రెండు చేతులూ జోడించారు. కర్ర జారి కింద పడింది.

సువార్తమ్మ అనసూయమ్మ వైపు చూసింది. అనసూయమ్మ కళ్ళు వద్దు అంటున్నాయి. ఒక్క అబద్ధాన్ని వారం కూడా మోయలేకపోయిన మనిషి, ఆ రోజు ఇంకొకరి అబద్ధాన్ని మోయడానికి తల వంచింది. వంగి, కర్ర తీసి ఆయన చేతికి ఇచ్చింది. నేను ఆటోలో పరుపు చుట్టకూ పక్క రేకుకూ మధ్య ఇరుక్కుని ఉన్నాను. ఆయన దండం పెట్టింది నాకు కూడా అని నాకు తెలుసు. అంత మంచి దండాన్ని నేను అంత దొంగతనంగా అందుకున్నాను.

ఇప్పుడు పల్లెలోనే ఉన్నాను, సువార్తమ్మతో. ఆదివారాలు ఆరుబయట ఉడుకుతాను. వాసనకు దారిన పోయేవాళ్ళు ఆగుతారు. సర్వేకు వచ్చేవాళ్ళు, కరెంటు మీటరు చూసేవాళ్ళు, ఎవరైనా. "ఏం వండుతున్నవమ్మా, నోరూరుతున్నది," అంటారు. మునుపైతే ఆమె గరిటె అందుకునేది. ఇప్పుడు చేయి మూత మీద పెట్టి, వాళ్ళ మొహంలోకి చూసి, "పెద్ద కూర, ఆలుగడ్డ చారు. తాగుతవా?" అంటుంది. అది అన్నాకే మూత తీస్తుంది. కొందరు కూర్చుంటారు. కొందరికి ఏదో పని గుర్తొస్తుంది. వెళ్ళిపోయేవాళ్ళు మలుపు తిరిగేదాకా ఆమె చేయి నా మూత మీదే ఉంటుంది, వేడిగా ఉన్నా తీయదు.