సున్నం కింది సంచిక

కోరుట్లలో సిరిసిల్ల బస్సు దిగీ దిగగానే పరశురాములు చేసిన మొదటి పని, చేతిలోని బొమ్మల పుస్తకాన్ని పెయింటర్ లతీఫుద్దీన్ నీలం రంగు డబ్బాలో ముంచడం.

"గీ రంగు సరిపోతదా సాబ్, ఇంకింత పుయ్యాల్నా?" అన్నాడు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఆ కార్మికుడు. "నలభై నెలలు సదివిన. మీసం గీకుతడు గీకుతడని సూస్తే, ఆఖరికి దొర కాళ్లు మొక్కిండు గద నీ వీరుడు! ఎవలికి అమ్ముడుపోయినవ్?"

లతీఫ్ ఆ సంచికను ఇంకా చూడనేలేదు. డబ్బాలోంచి తీసి, నీలం కారుతున్న పేజీలు ఒక్కొక్కటే విప్పాడు.

గొంగడి వీరుడు అతను కని పెంచిన వీరుడు. తాత ఇచ్చిన గొంగడి కప్పుకుంటే గాలిలో ఎగిరే గొర్లకాపరి. పగవాడు మీసాల దొర. ఆ మీసం కత్తిరించేదాకా గొంగడి విప్పనని, మొదటి సంచికలోనే గొర్రెబొచ్చు కత్తెర మీద ఒట్టు పెట్టుకున్నాడు. ప్రతి నెలా దొర వెంట్రుకవాసిలో తప్పించుకునేవాడు. జగిత్యాల బీడీ కార్ఖానాల నుంచి సిరిసిల్ల సాంచాల దాకా జనం ఆ కత్తెర చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. లతీఫ్ గీసిచ్చిన ఆఖరి ఎనిమిది పేజీల్లో కత్తెర తన పని తాను చేసింది కూడా.

అచ్చయిన ఎనిమిది పేజీలు వేరు. గీత వేరు, రాత వేరు. వీరుడు కత్తెరను దొర పాదాల దగ్గర పెట్టి, గొంగడి విప్పి నేల మీద పరిచాడు. దొర చెప్పులతో దానిమీద నిలబడి దీవించాడు. గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడం లోకంలో ఉన్నదే. గొంగడి వీరుడు గొంగళిపురుగు కావడం ఆ సంచికలు అచ్చు వేసే ప్రెస్సులోనే చెల్లింది. అట్ట మీద మాత్రం ఎప్పటిలాగే 'బొమ్మలు: లతీఫుద్దీన్'.

ప్రెస్సు కరుణాకర్ రావుది. పిలిస్తే కరుణ 'రాను' అనే రకం. కథలాపూర్ వైపు ఊళ్లో కోటలాంటి గడీ ఉండేది. నక్సలైటు అన్నల భయానికి దానికి తాళం వేసి, కోరుట్ల బస్టాండు ఎదుట శుభలేఖలు అచ్చు వేసుకుంటున్నాడు. ఊరు పోయినా, గడీ పోయినా, నిమ్మకాయ నిలబడేంత మీసం మాత్రం మిగిలింది.

"అచ్చం నా మీసమేనని మా బామ్మర్ది సూపెట్టిండురా," అన్నాడు రావు, లతీఫ్ వెళ్లి నిలదీస్తే. "నా ప్రెస్సుల, నా కాయిదం మీద, నన్నే గొరుగుదామనుకున్నవా? నీ పేజీలు పొయ్యిల పెట్టిన. కరీంనగర్‌ల ఇంకొకనితోని గీపిచ్చిన."

"నా పేరన్న తీసేస్తే అయిపోవు గద దొరా."

"పేరుంటెనే గదరా మజా! నీ చేత్తోనే వాణ్ణి నా కాళ్ల మీద పడేసినవని లోకం అనాలె. ఎక్కువ మాట్లాడితే, అన్నల బొమ్మలు గీస్తుండని ఎస్సైకి ఒక్క మాట చెప్త. అటెన్క నీ బొమ్మ ఠాణాల గీస్తరు."

ఆ రోజుల్లో మనిషి మాయం కావడానికి ఆ ఒక్క మాట చాలు. లతీఫ్ తల దించుకుని వచ్చేశాడు. చాయ్ హోటల్లో పక్క బల్లవాడు తువ్వాల తీసి అతని ముందు నేల మీద పరిచి, "చెప్పులతోనే నిలవడు సాబ్, దొర లెక్క," అన్నాడు. హోటలంతా నవ్వింది.

"మీసం ఆయనది, మోసం ఆయనది. పోయిన మొహం మాత్రం మనది," అంది ఇంట్లో భార్య జోహరా బీ.

వారం తిరక్కుండానే అన్నలు ఆ ప్రెస్సు గోడ మీద ఎర్రటి నినాదాలు రాసిపోయారు. గోడ ఎవరిదైతే వాళ్లే సాయంత్రంలోగా చెరిపించాలని పోలీసుల హుకుం. అంత ఎత్తు గోడకు సున్నం వేసే చెయ్యి ఊళ్లో ఒక్కటే. రావు కబురు పెట్టాడు.

"సిగ్గులేకుండ పోతవా?" అంది జోహరా బీ.

"పోత. పగలు పగటిపూటనే తీర్చుకోవాలె," అని లతీఫ్ కుంచెలు సర్దుకున్నాడు.

"ఎర్రక్షరం ఒక్కటి కనవడొద్దు," అన్నాడు రావు.

"ఎర్రది కనవడితే నా చెయ్యి నరుకుండ్రి దొరా."

ఎండకు సున్నం పెళుసుబారకుండా అని చెప్పి, లతీఫ్ పరంజా చుట్టూ గోనెపట్టాలు కట్టాడు. నినాదాల మీద జిగురు సున్నం మందంగా మూడు పూతలు వేశాడు. మాట మాటే. లోపల రావు భోంచేసి గురక మొదలుపెట్టగానే, మసిలో జిగురు కలిపి గోడ నిండా తన ఆఖరి పేజీ గీశాడు. దానిమీద జిగురు లేని పలచటి సున్నపు నీళ్లు. తడి మీద సున్నం గాజులాంటిది, కిందున్నదంతా చూపిస్తుంది. ఆరిందా, తెల్లటి తెర. అది ఆరేదాకా ఆగి పట్టాలు విప్పాడు.

"పాల లెక్క ఉన్నదిరో!" అన్నాడు రావు.

"మిరుగం కార్తె వాన పడనీయుండ్రి, ఇంక తేలుతది."

సిరిసిల్లకు కార్డు రాశాడు: 'మొగులై వానొచ్చేటట్టుంటే కోరుట్లకు రా. అసలు ఆఖరి సంచిక ఉంది.' పరశురాములు రెండుసార్లు వచ్చి ఎండి పోయాడు. మూడోసారి తడిశాడు.

వాన కొట్టింది. బస్టాండు షెడ్డు కింద జనం కిక్కిరిసి గోడకేసి నోళ్లు తెరిచారు. ముందు కత్తెర తేలింది. తర్వాత రెపరెపలాడే గొంగడి. ఆ తర్వాత దొర మొహం. ఒక పక్క మీసం తెగి గాల్లో ఉంది, రెండోది కత్తెర నోట్లో ఉంది.

"తెగ్గొట్టిండ్రో!" అని పరశురాములు వానలోకి ఉరికాడు. గోడ కింద గొడుగుతో నిలబడ్డ రావునూ, గోడ మీది దొరనూ జనం మార్చి మార్చి చూశారు. ఈల మీద ఈల.

రావు ఎస్సైని పట్టుకొచ్చేసరికి ఎండ కాసింది. గోడ పాల లెక్క ఉంది.

"ఏదండీ బొమ్మ?"

"వానల కనవడ్తది సార్."

"ఎండలో ఎక్కువ తిరగకండి రావుగారూ," అని ఎస్సై జీపెక్కాడు.

వాన పడ్డప్పుడల్లా దొరకు క్షవరమే. జగిత్యాల నుంచి ముగ్గురు పెయింటర్లను రప్పించాడు రావు. వాళ్లూ నలభై సంచికలు చదివి కాలిపోయినవాళ్లే. ఒకరి తర్వాత ఒకరు పలచటి సున్నపు నీళ్లే కొట్టి చక్కా పోయారు.

నెల తిరిగాక లతీఫ్ దుకాణానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. పై పెదవి కొత్తగా గీసిన గోడలా నున్నగా ఉంది.

"ఇగ సాలుగానీ, వచ్చి గోడ సక్కగ చెయ్యి," అన్నాడు.

లతీఫ్ కళ్లద్దాలు తుడుచుకుని తీరిగ్గా చూశాడు.

"ఎవలు సార్ మీరు?"

"నేనురా... కరుణాకర్ రావును."

"తోబా! ఆయనకు మీసముంటది గద సార్."

పెద్దమనిషి నేల చూశాడు. లతీఫ్ ఆ చూపును కడుపు నిండేదాకా చూసి, నీలం మరకల పుస్తకాన్ని అరలోంచి తీసి చింపి చెత్తడబ్బాలో పడేసి, ఇంట్లోకి కేకేశాడు.

"జోహరా, దొర గోడ సున్నానికి జిగురు ఉడుకవెట్టు. సంచిక అయిపోయింది."