బొట్టున్న వైపు

నీలకంఠం అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, క్యాసెట్ డెక్కు హెడ్డు మీద పేరుకున్న గోధుమరంగు మడ్డిని తుడుస్తున్నాడు. టాటానగర్‌లో, బర్మామైన్స్ సందులో ఒక మేడమెట్ల కింద ఉంది అతని రేడియో రిపేరు కొట్టు. కూర్చుంటే మోకాళ్ళు బల్లకు తగులుతాయి, లేస్తే తల మెట్టుకు కొట్టుకుంటుంది. బయటికి రావాలంటే విప్పి పరిచిన రేడియోలన్నీ పక్కకు తీసి బల్ల పలక ఎత్తాలి. అంత పని ఎవడు చేస్తాడని పొద్దున కూర్చున్న మనిషి చీకటి పడితే గాని లేవడు. అలా ఇరవై రెండేళ్ళు గడిపేశాడు మహానుభావుడు.

ఆ పొద్దున అసిరయ్య వచ్చాడు. రైలు పెట్టెల్లో ఫ్యాన్లూ లైట్లూ చూసే ఖలాసీ, ఒకే ఊరివాడు, వరసకు బావ. పదిహేను రోజులకోసారి డ్యూటీ మీద టాటానగర్ వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. నీలకంఠం అక్క బంగారమ్మ మాటల్ని క్యాసెట్‌లో ఇక్కడికి తెచ్చేదీ, ఇతని జవాబు అక్కడికి మోసేదీ అతనే. అక్కకు చదువు రాదు. క్యాసెట్ ఒక్కటే. ఏ వైపు ఏదో తెలియక ఆవిడ ఒక వైపు కుంకుమ బొట్టు పెట్టుకుంది. బొట్టున్న వైపే ఆవిడ మాట్లాడుతుంది. విన్నాక మొదటికి తిప్పి, దాని మీదే ఇతను మాట్లాడతాడు. ఒకరి మాట చెరిగితేనే ఇంకొకరి మాటకు చోటు.

"ఏటి బావా, టీ తాగవా?"

"ఒద్దు. ముందు అక్క మాట ఇను. మిగతాది మాపటేల మాటాడుకుందుము," అని అసిరయ్య క్యాసెట్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. టీ వద్దన్న అసిరయ్యను నీలకంఠం ఎన్నడూ ఎరగడు.

తీరా పెడితే డెక్కు మొరాయించింది. అక్క గొంతు ఎవరో మొగవాడు నిద్రలో గొణుగుతున్నట్టు సాగి సాగి వచ్చింది. మోటారులో నూనె చుక్క వేశాడు, లాభం లేదు. రబ్బరు చక్రాన్ని గరుకు కాగితంతో రుద్దాడు, అదీ కాదు. వెనక మూత విప్పితే బెల్టు వదులై వేలాడుతోంది. సాక్చీ బజారుకు పోయి కొత్తది తెచ్చే వ్యవధి లేదు. రెండింటికల్లా డెక్కు పనిచెయ్యాలి.

రెండింటికి ఉక్కు కంపెనీ సైరన్ మోగుతుంది. నీలకంఠం ఎప్పుడూ ఆ మోతలోనే జవాబు రికార్డు చేస్తాడు. పర్మనెంటయ్యాకే ఊళ్ళో అడుగు పెడతానని అక్కతో చెప్పి వచ్చినవాడు. మూడుసార్లు టెంపరరీ పని దొరికింది, మూడుసార్లూ పోయింది. సైరన్ వినిపిస్తే తమ్ముడు కంపెనీ లోపలే ఉన్నాడని అక్క అనుకుంటుంది. సిగ్గుపడే మనిషికి ఎన్ని తెలివితేటలో!

బెల్టు తీసి టీగిన్నెలో నీళ్ళు మరగబెట్టి అందులో వేశాడు. కాస్త బిగుసుకుంది. తుడిచి ఎక్కించి బటన్ నొక్కాడు. ఈసారి అక్కే పలికింది.

"తమ్మీ, దగ్గు తగ్గనేదురా. పర్మనెంటు అయితే అవుద్ది, నేకపోతే మానీయి. నానేటి అడిగినాను? ఓపాలి వచ్చి కనిపించి పో. ఒచ్చే నెల, ఒచ్చే నెల అనకు. ఆ మాట ఇనలేను." చాలాసేపు దగ్గు. "అన్నం తిన్నావా?"

నీలకంఠానికి ఏడుపొచ్చింది. ఇవాళ నిజం చెప్పేయాలనుకున్నాడు. ఉద్యోగం లేదక్కా, మెట్ల కింద ఉన్నాను, పై వారం వస్తున్నాను అనాలి. ఎదురుగా నిలబడి అనలేడు, క్యాసెట్‌లో అనగలడు. మొదటికి తిప్పి వేలు రికార్డు బటన్ మీద పెట్టుకున్నాడు.

సైరన్ లేచింది. వేలు నొక్కేసింది. "అక్కా, నాను కులాసా. డ్యూటీలో తీరుబడి నేదు. పర్మనెంటు కాగితం పైకెల్లింది. ఒచ్చే నెల తప్పకుండా వత్తాను."

మోత ఆగింది. తన మీద తనకే అసహ్యం వేసింది. చెరిపి నిజం చెప్పడానికి సైరన్‌తో పని లేదని తెలుసు, అయినా చెయ్యి రాలేదు.

మూడున్నరకు అసిరయ్య వచ్చాడు. నీలకంఠం క్యాసెట్ చాపితే అందుకోలేదు.

"ఇన్నావా?"

"ఇన్నాను. జవాబు కూడా సెప్పీసినాను."

"దాని మీదేనా?"

"మరెక్కడ బావా?"

అసిరయ్య గడప మీద కూలబడ్డాడు. "అక్క పోయి తొమ్మిది దినాలయింది. టెలిగ్రాం ఇయ్యొద్దంది. నా మాట ఇన్నాకే తమ్మికి సెప్పండంది. పొద్దున్నే సెప్పీసినా బాగుణ్ణు. రేపు పదోదినం. ఇప్పుడు బయల్దేరితే అందుతావు."

నీలకంఠం క్యాసెట్ మళ్ళీ పెట్టి మొదటికి తిప్పాడు. సైరన్. తన గొంతు. ఒచ్చే నెల తప్పకుండా వత్తాను. టక్కుమని తన మాట ఆగిన చోట, చెరగకుండా మిగిలిన కాస్త దగ్గు. "అన్నం తిన్నావా?"

"తిననేదే అక్కా," అన్నాడు నీలకంఠం.

రేడియోల్ని మోచేత్తో పక్కకు నెట్టి పలక ఎత్తాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఒంటి మీద చొక్కాతోనే అసిరయ్య వెనక స్టేషన్ వైపు నడిచాడు.

కట్టేయడం మరిచిన డెక్కు బల్ల మీద తిరుగుతూనే ఉంది, దాని మూత అద్దంలోంచి క్యాసెట్ మీది కుంకుమ బొట్టు కనిపిస్తోంది.