దాటినవాళ్లనే అడిగారు

మనలో చాలామందికి ఒక అలవాటుంది. కంప్యూటర్లో ఏదైనా పని కాకపోతే తప్పు దానిదనుకోం. "నాకే తెలివి తక్కువ" అనుకుని ముడుచుకుపోతాం. మనం అలా ముడుచుకుపోతే ఎవరి లెక్కలు బాగుపడతాయో చూడండి.

యూనివర్సిటీలో విద్యార్థి సేవల వెబ్‌సైట్ చూసే మేడం ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. హాస్టల్ గది దగ్గర్నుంచి పరీక్షల ఏర్పాట్ల దాకా అన్ని దరఖాస్తులూ ఆ వెబ్‌సైట్‌లోనే. పని పూర్తయ్యాక "మా సేవ బాగుందా?" అని ఒక ప్రశ్న వస్తుంది. జవాబిచ్చిన వాళ్లంతా ఇంచుమించు బాగుందనే అన్నారు. ఇంకేం, మర్నాడే సన్మానం.

"రేపట్నుంచి మాలాంటి వాళ్లతో మాట్లాడతావో లేదో!" అని భోజనాల దగ్గర భర్త ఆటపట్టించాడు. పక్కనే అతని చెల్లెలు బుజ్జమ్మ కుడిచేతికి కట్టుతో కూర్చుని ఎడమచేత్తో కంచం కెలుకుతోంది. అదే యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్ల. మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ఏమే, పరీక్షల్లో నీ బదులు రాసిపెట్టే మనిషి కోసం అప్లై చేశావా? రేపే ఆఖరు కదా," అంది మేడం.

"లేదు వదినా. ఈసారికి మానేస్తున్నా. వచ్చే ఏడు రాస్తాలే."

మేడంకి ఒళ్లు మండింది. "ఏడాది పోగొట్టుకుంటావా? ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు అందాకా ఆగుతారా? ఇంట్లో కాలుమీద కాలేసుకుని చేసుకునే ఏర్పాటు చేశాం. ఒక్క పేజీ నింపడానికి ఇంత బద్ధకమా నీకు?"

ఆ పిల్ల తల వంచుకుంది. "చాలాసార్లు చూశా వదినా. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేసరికి 'సమయం మించిపోయింది' అని పేజీ మూసుకుపోతోంది. మళ్లీ మొదటికి. నాకే చేతకావట్లేదేమో అనుకున్నా."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"రేపు నీకు సన్మానం. అందరూ మురిసిపోతుంటే నీ వెబ్‌సైట్ పనిచెయ్యట్లేదని ఏ మొహంతో చెప్పను?"

మేడం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. పది నిమిషాలు దాటితే పేజీ మూసేయమన్నది ఎవరో కాదు, తనే. భద్రత కోసమని పెట్టింది. ఆఫీసులో రెండు చేతులతో టకటకా కొట్టి చూసుకుని భేష్ అనుకుంది. చేత్తో రాయలేనివాళ్ల కోసం పెట్టిన పేజీలో గబగబా రాయమంటున్నానన్న సంగతి తన బుర్రకు తట్టనేలేదు.

"పోనీలేవే, రేపు పొద్దున్నే పరీక్షల విభాగంవాళ్ల చెవిన ఒక మాట వేస్తా. నీ పని అయిపోతుంది," అంది గొంతు తగ్గించి.

"నాకంటే నువ్వున్నావు. వదిన లేనివాళ్ల సంగతేంటి?" అంది బుజ్జమ్మ. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. "అయినా వదినా, సేవ బాగుందా అని అందర్నీ అడిగారన్నావు. నన్నెప్పుడూ అడగలేదే?"

అడగరు. ఆ ప్రశ్న చిట్టచివరి పేజీలో ఉంది. అక్కడిదాకా చేరినవాళ్లకే కనిపిస్తుంది. ఏరు దాటినవాళ్లను పిలిచి పడవ బాగుందా అని అడిగి, బాగుందనగానే చంకలు గుద్దుకున్నారు. మధ్యలో మునిగినవాళ్ల ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇందాక బద్ధకమన్న నోరు తనదేనని గుర్తొచ్చి మేడం సిగ్గుతో చచ్చిపోయింది. "తప్పు నాదేనే తల్లీ," అంది, ఆ పిల్ల కళ్లలోకి చూడలేక.

మర్నాడు సభలో రిజిస్ట్రారు గారు జ్ఞాపిక చేతపట్టుకుని పిలిచారు. మేడం దాన్ని అందుకోలేదు. తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచి ఆయనకిచ్చింది. "సార్, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని దీన్ని ఒక్కసారి నింపండి."

సభలో నవ్వులు. పెద్దాయన కూడా నవ్వుతూనే మొదలుపెట్టారు. పేరయ్యేసరికి నవ్వు ఆగింది. చిరునామాకొచ్చేసరికి నుదుట చెమట పట్టింది. డాక్టరు ఏమన్నాడో రాయాల్సిన గడి నింపుతుండగా పది నిమిషాలూ అయిపోయి పేజీ మూసుకుపోయింది. ఆయన మొహమాటపడుతూ, "ఏమనుకోకమ్మా, ఈ ఫోన్లు నాకంతగా రావు," అన్నారు.

"చూశారా సార్, మీరు కూడా లోపం మీలోనే ఉందనుకున్నారు!" అంది మేడం. "మా ఆడపడుచూ అలాగే అనుకుని ఏడాది చదువు వదులుకోబోయింది. అలాంటివాళ్లు ఇంకెందరున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని నాకెప్పుడూ తోచలేదు."

జ్ఞాపిక బల్లమీదే ఉండిపోయింది. రిజిస్ట్రారు గారు అక్కడికక్కడే గడువు అందరికీ పొడిగించారు. పది నిమిషాల నిబంధన పోయింది. "ఎక్కడ ఆగిపోయారు?" అనే ప్రశ్న ప్రతి పేజీలోనూ వచ్చి కూర్చుంది. బుజ్జమ్మ పేజీ కూడా ఈసారి మూసుకుపోలేదు. వదిన ఎవరికీ సిఫారసు చెయ్యకుండానే ఆ పిల్ల పని అయింది.

ఆ తర్వాత ఫిర్యాదులు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. బాగుందన్నవాళ్ల సంఖ్య సగానికి సగం పడిపోయింది.

"ఉన్న పరువు కాస్తా పోయింది మేడం," అని గుమాస్తా గొణిగాడు.

"అది ఎప్పుడో పోయింది. మనకు ఇప్పుడు తెలిసిందంతే," అంది మేడం, మొదటి ఫిర్యాదు తెరుస్తూ. "పని కాక తిరిగిపోయినవాళ్లు కాదయ్యా సిగ్గుపడాల్సింది, వాళ్లను తిప్పి పంపిన మనం."