ఒక్కటి తగ్గినా వద్దంట

ఉదయగిరి కట్టె స్పూను నోట్లో పెట్టుకుంటే కూర లేకపోయినా అన్నం జారిపోతుందని శీనమ్మ మొగుడు బతికున్నన్నాళ్ళూ బస్సులో పక్క సీటువాళ్ళకు చెప్పేవాడు. నమ్మి కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట ఊళ్ళు దాటుకుంటూ బెంగుళూరు చేరిందో, స్పూన్లే లేచి నడిచిపోయినాయో గానీ, రెండు నెలల కిందట అక్కడి హోటళ్ళకు సామాన్లు పంపే కంపెనీ మనిషి ఒకడు కారులో దిగాడు. పేరు సురేంద్రబాబు. కాడ చివర కొంగమెడ మాదిరి వంపు ఉన్న కొత్త రకం స్పూను బొమ్మ చూపించి, ఇట్లాంటివి రెండు వేలు కావాలన్నాడు.

కాగితం రూబీ చదివింది. రూబీ శీనమ్మకు కోడలు, ఇంటరు దాకా చదువుకున్న పిల్ల.

"అత్తా, ఇందులో ఒక మెలిక ఉండాది. కనీసం రెండు వేలంట. ఒక్కటి తగ్గినా మొత్తం వెనక్కంట. మళ్ళా ఆర్డరిచ్చినా ఇదే కాగితమంట."

"ఎందుకు తగ్గుతాయే? తొమ్మిదిండ్లోళ్ళం, పద్దెనిమిది చేతులు. నువ్వు చదువు, చెక్కేది మేం చూసుకుంటాం" అని శీనమ్మ తొమ్మిదిండ్ల తరఫునా సంతకం గీకేసింది.

అప్పటిదాకా ఆ తొమ్మిదిండ్ల ఆడవాళ్ళూ చెక్కినవన్నీ మల్లికార్జున అంగడికే వేసేవాళ్ళు. మల్లికార్జునకు కనీసం గినీసం ఏమీ లేవు. ఒక్క గరిటె తీసుకుపోయినా పుచ్చుకుంటాడు, బండెడు తీసుకుపోయినా పుచ్చుకుంటాడు. రేటు మాత్రం ఆయన నోట్లోంచి ఏది ఊడిపడితే అది. డబ్బులు ఆయనకు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు. బెంగుళూరు ఆర్డరు రాగానే ఆడవాళ్ళందరూ శీనమ్మ మాట మీద ఆ అంగడి మెట్లెక్కడం మానేశారు. మల్లికార్జున కోప్పడలేదు. మీసం కింద నవ్వుకుని, "పోండి పోండి. మళ్ళా వస్తారు గదా, అప్పుడు పొయ్యిలో కట్టెల రేటుకు తీసుకుంటాలే అక్కా" అన్నాడు. ఆర్డరు చెడితే తొమ్మిదిండ్లూ ఆ మెట్ల మీదే పోయి నిలబడాలి. ఆ సంగతి శీనమ్మకు పొద్దున లేస్తూనే గుర్తొచ్చేది, పడుకునేటప్పుడు ఇంకోసారి గుర్తొచ్చేది.

ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం రెండున్నర. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, పార్సిలు గోడౌను అరుగు మీద స్పూన్లు కుప్పలు పోసి సురేంద్రబాబు ఒంటిగంట నుంచీ లెక్కపెడుతున్నాడు. శీనమ్మ ఆ మనిషి పెదాల వైపే చూస్తూ కూర్చుంది. పెదాలు ఆగాయి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, పందొమ్మిది వందల డెబ్బై ఏడు."

"ఇంకోసారి ఎంచు సారూ."

"రెండుసార్లు ఎంచినా. ఇరవై మూడు తగ్గినాయి."

"తగ్గేదేంది? మా ఇంటి గోడ మీద రెండు వేల గీతలుండాయి. స్పూను చేతిలోంచి దిగితే ఒక గీత. నేనే బొగ్గుతో గీసినా."

"గోడను లారీలో ఎక్కించలేను గదమ్మా" అన్నాడు సురేంద్రబాబు. ఎగతాళికి కాదు, పాపం ఆయన ముఖం కూడా మాడిపోయి ఉంది. "ఐదింటికి లారీ కదలాల. ఆ లోపల ఇరవై మూడు వస్తే సరే. లేకపోతే కాగితంలో ఏముందో మీకు తెలుసు."

శీనమ్మ ఖాళీ సంచుల వైపు చూసింది. నిన్న సంచుల మూతులు కుట్టేటప్పుడు రూబీ అడగనే అడిగింది, ఒక్కసారి లెక్కపెడదామా అత్తా అని. గోడ మీద గీతలుండగా మళ్ళీ లెక్కేందే, నా చేతిమీద నమ్మకం లేదా అని తనే నోరు మూయించింది. ఎవరైనా దొంగిలించారా? స్పూన్లు దొంగిలించేవాడు ఉదయగిరిలో ఇంకా పుట్టలేదు, ప్రతి ఇంట్లో అవే ఉన్నాయి కాబట్టి. మరి ఇరవై మూడేంది? ఇరవై మూడు...

ఇరవై మూడు దుంగలు!

ఈ రెండు నెలల్లో వాళ్ళు చీల్చిన నర్దిచెట్టు దుంగలు సరిగ్గా ఇరవై మూడు. వాళ్ళ పేటలో ఒక ఆచారం ఉంది. కొత్త దుంగ చీలిస్తే అందులోంచి వచ్చే మొదటి స్పూను దేవుడిది. నూనె పట్టించి, ఆదివారం చర్చిగుడికి తీసుకుపోయి కానుకల పెట్టెలో పెడతారు. ఇంకో ఆచారం కూడా ఉంది. దేవుడికిచ్చింది తగ్గిందని ఎవరూ నోటితో అనకూడదు, లెక్కలోంచి కొట్టెయ్యకూడదు. అందుకని గోడ మీద గీత గీతగానే ఉండిపోయింది, స్పూను మాత్రం గుడికి పోయింది. తొమ్మిదిండ్లలో ఒక్కరికీ తట్టలేదు. అవ్వల కాలం నుంచీ తట్టలేదు. మల్లికార్జున అంగడిలో ఎన్నుంటే అన్నే గదా, తట్టాల్సిన అవసరమే రాలేదు.

శీనమ్మ ఫోను తీసి కోడలికి చేసింది. సంగతి చెప్పింది.

"ఇప్పుడు చెక్కలేమా అత్తా?"

"చెక్కొచ్చు. ఆరేదెప్పుడు, నూనె పట్టేదెప్పుడు? రెండు దినాలు. పెట్టెలోవే కావాల. అయ్యగారి దగ్గరికి ఉరుకు. ఫోను కట్ చెయ్యబాక."

ఫోనులో రూబీ చెప్పుల చప్పుడు, రొప్పు, ఒక కుక్క అరుపు, తర్వాత పాస్టరు వరప్రసాదం గొంతు వినిపించాయి. వరప్రసాదం అయ్యగారు నెమ్మదైన మనిషి. ఆయన ప్రార్థన మొదలుపెట్టినప్పుడు పొయ్యి మీద పెట్టిన కందిపప్పు ఆమెన్ అనేసరికి ఉడికి, మాడి, ఇరుగుపొరుగు వచ్చి దించి పోయేదని పేటలో చెప్పుకుంటారు.

"శీనమ్మా, ఇచ్చింది వెనక్కి తీసుకోమని ఏ నోటితో చెప్పమంటావు?"

"వద్దయ్యగారూ. నేనూ ఆ మాట అడగలేను." ఆమె నిజంగానే అడగలేదు. ఇచ్చిన చేత్తో తీసుకుంటే ఆ చెయ్యి మళ్ళీ ఉలి పడుతుందా? "కోతపండుగలో ఎట్టాగూ వేలం వేస్తారు గదా. ఆ వేలం ఇప్పుడెయ్యండి. పాడుకుంటా."

గుడికి వచ్చిన కానుకలను కోతపండుగలో వేలం వేసే సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పోయినేడు ఒక సొరకాయ మూడు వేలకు పోయింది. పాడుకున్నాయన దాన్ని కూర వండుకునేదానికి మనసు రాక, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని పటం కట్టించాడంటారు.

అయ్యగారు, "వెయ్యొచ్చు. అయితే చాటున వేసేది కాదు. గంట కొట్టాల, పదిమంది రావాల, ఎవురైనా పాడొచ్చు" అన్నాడు.

"కొట్టండయ్యగారూ, కొట్టండి!"

మంగళవారం మధ్యాహ్నం గంట మోగితే ఆ పేటలో దానికి ఒకటే అర్థం. పలుగులూ చీపుళ్ళూ ఎక్కడివక్కడ పడేసి జనం ఉరికొచ్చారు. "ఎవురు పోయినారు? ఎవురు పోయినారు?" అని పెంచలమ్మ అప్పుడే ఏడుపు అందుకోవడం శీనమ్మకు ఆత్మకూరులో వినిపించింది. "ఎవురూ పోలా, వేలంపాట" అని రూబీ అరిచింది. "ఆ మాట ముందే చెప్పొద్దా, వట్టి పుణ్యానికి ఏడ్చినా" అని పెంచలమ్మ విసుక్కుంది.

సమయం మూడూ పది.

"ఇరవై మూడు స్పూన్లు, దేవుని కానుక. పాట మొదలు" అన్నాడు అయ్యగారు.

"ఐదొందలు" అంది శీనమ్మ. రూబీ ఫోను ఎత్తి పట్టుకుంది.

"ఐదొందల పది."

ఆ గొంతు వినగానే శీనమ్మ అరుగు మీద నుంచి లేచి నిలబడింది. మల్లికార్జున. ప్రతి ఏడూ కోతపండుగ వేలానికి వచ్చి ఒక కోడినో గుమ్మడికాయనో పాడుకుని పోయే మనిషి. రాకూడదనే హక్కు ఎవరికీ లేదు.

"వెయ్యి" అంది శీనమ్మ.

"తొందరేంది అక్కా, పాట అంటే పాట మాదిరి ఉండాల. వెయ్యిన్ని పది."

"పదిహేను వందలు."

"ఉండు, ఆలోచించుకోనీ." శీనమ్మ ఫోను ఇంకో చెవికి మార్చింది. "అయ్యగారూ, ఒక టీ ఏమన్నా దొరుకుద్దా? గొంతెండింది." ఎవరో నవ్వారు. "సరే, పదిహేను వందల పది."

రెండు వేలు. రెండు వేల పది. మూడు వేలు. మధ్యలో ఒక స్పూను చూపించమన్నాడు, వంపు బాగుందన్నాడు, కట్టె నర్దేనా అని అడిగాడు. మూడు వేల పది. సురేంద్రబాబు వాచీ వైపు చూశాడు. మూడూ ఇరవై ఎనిమిది. లారీ డ్రైవరు తలుపు తెరిచి ఎక్కి కూర్చుని రేడియో పెట్టుకున్నాడు.

శీనమ్మకు అప్పుడు వెలిగింది. ఆయనకు స్పూన్లు అక్కర్లేదు. డబ్బులు కూడా పొయ్యేదేం లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగిపోతాడు. ఆయనకు కావాల్సింది గడియారం తిరగడం. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు మోటారుసైకిలు ఎంత తోలినా గంటా పావు. ఇంకో ఇరవై నిమిషాలు ఇట్లా పది రూపాయలు పది రూపాయలు నానిస్తే పాట ఆమే గెలుస్తుంది, ఆర్డరు మాత్రం పోతుంది.

శీనమ్మ కళ్ళు మూసుకుంది. రెండు నెలలు, నడుం వంచి, వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని చెక్కిన కూలి. తొమ్మిదో వంతు.

"ఇరవై వేలు."

రూబీ, "అత్తా..." అంది.

"నా వంతు కూలి మొత్తం. నాదే, వేరే ఎవురిదీ గాదు. అయ్యగారూ, మూడుసార్లు పిలవండి."

"అక్కా, నీకు పిచ్చి గిచ్చీ..." అని మల్లికార్జున మొదలుపెట్టాడు. ఆయన మాట పూర్తికాలేదు. ప్రార్థన ఎప్పుడూ గంటకు తక్కువ చెయ్యని వరప్రసాదం అయ్యగారు ఒకటోసారి రెండోసారి మూడోసారి మూడూ ఒకే ఊపిరిలో మింగేశాడు. పుట్టిన తర్వాత ఆయన అంత వేగంగా ఏదీ అనలేదని పేట అంతా ఒప్పుకుంది.

యేసుబాబు అప్పటికే మోటారుసైకిలు స్టార్టు చేసి ఉన్నాడు. శీనమ్మ కొడుకు, రూబీ మొగుడు. స్పూన్లు గుడి గుడ్డలోనే మూట కట్టి వీపుకు బిగించారు. మూడూ ముప్పై మూడు.

ఆ తర్వాత చేసేదేమీ లేదు. చేసేదేమీ లేకపోవడమంత కష్టం ఇంకోటి లేదు. శీనమ్మ నీళ్ళు తాగలేదు. సందు మలుపు దగ్గర ప్రతి మోటారుసైకిలుకూ లేచింది, కూర్చుంది. నాలుగున్నరకు డ్రైవరు ఒక హారను కొట్టాడు. నాలుగూ నలభైకి ఇంకోటి.

సురేంద్రబాబు గోడ చాటుకు పోయి ఫోనులో మాట్లాడుతున్నాడు. చాటు అనుకున్నాడు గానీ, ఉలి చప్పుళ్ళ మధ్య బతికినా శీనమ్మ చెవులు గట్టివి. "ఖాళీ లారీ పంపితే నన్ను బతకనిస్తారా సార్? శనివారం హోటలు ఓపెనింగు. ఈ స్పూన్లు ఇంకెక్కడ దొరుకుతాయి... వస్తాయి సార్, వస్తాయి."

ఆమె ఆ మాటలు విని కొంగు సర్దుకుంది.

నాలుగూ యాభై మూడుకు యేసుబాబు వచ్చాడు. దుమ్ముతో ముఖం కనుబొమల దాకా తెల్లబడి, దిగుతూనే, "మర్రిపాడు దగ్గర గొర్రెలమందమ్మా. గొర్రెల కాపరి కూడా మల్లికార్జున మనిషేమో అనుకున్నా" అన్నాడు. సురేంద్రబాబు మూట విప్పి లెక్కపెట్టాడు. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశాడు. పగులు లేదు, ముడి లేదు. మొదటి స్పూన్లు గదా, అన్నిటికంటే నునుపు అవే.

"రెండు వేలు!" అన్నాడు ఆయన. కూలీల వైపు తిరిగాడు. "ఎక్కించండయ్యా!"

కూలీలు వచ్చారు. శీనమ్మ అన్నిటికంటే పెద్ద సంచి మీద కూర్చుంది.

"లేయమ్మా, టైమయింది."

"కాగితం తియ్యి సారూ."

"ఏ కాగితం?"

"రూబీ చదివిందే. ఇంకోసారి ఆర్డరుకూ అదే కాగితం గదా. ఒక్కటి తగ్గినా వద్దనే మాట కొట్టెయ్యి. దుంగకొకటి లెక్కన తగ్గినా తీసుకుంటానని రాయి."

"అది నా చేతిలో లేదమ్మా. కంపెనీ రూలు."

"శనివారం హోటలు తెరిచేది కూడా రూలేనా?"

సురేంద్రబాబు గోడ చాటు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. డ్రైవరు ఇంజను ఆడించాడు. సందంతా పొగ కమ్మింది.

"అమ్మా, ఇది బెదిరింపు."

"కాదు సారూ. నువ్వు మా దగ్గర ఒక్కటి తగ్గకూడదన్నావు, నేను దేవుడి దగ్గర ఒక్కటి తగ్గించను. ఇద్దరం మొండోళ్ళమే. లారీ మాత్రం నీది."

యేసుబాబు తల తిప్పుకుని మోటారుసైకిలు మీద దుమ్ము తుడుచుకున్నాడు. ఐదుకు రెండు నిమిషాలుంది. సురేంద్రబాబు జేబులోంచి పెన్ను తీశాడు. కాగితాన్ని గోడకు ఆనించి ఒక గీత కొట్టాడు, పక్కన సన్నక్షరాలతో రాశాడు, కింద సంతకం పెట్టాడు. శీనమ్మ దాన్ని ముందు కొడుకు చేత చదివించింది. తర్వాత తనూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

"చిన్న అక్షరాలు రాసినావు గానీ సారూ, బానే ఉండాయి" అని ఆమె సంచి మీద నుంచి లేచింది.