కుడిచేతి తూకం

నాలుగు కేజీలు తక్కువట! తక్కువైంది బస్తాకా, ఆ మనిషి సిగ్గుకా? ముప్ఫై ఏళ్లుగా గూడెం ఉల్లి మార్కెట్టంతా నమ్మిన చెయ్యిని పట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని పెదపాడు వైపు పల్లెల్లో ఉల్లిపాయలు అమ్ముకు తిరిగే కనకమ్మ అనాల్సిన మాటేనా అది? అది కూడా నలుగురిలో. పోనీ అరిచిందా అంటే అదీ లేదు. అరిస్తే బాగుండేది. అరిచేవాళ్లకి ఎలా జవాబు చెప్పాలో రత్నాంబకి పుట్టుకతోనే తెలుసు.

బస్సు ఏలూరులో ఆగినా ఆ ఆలోచన ఆగలేదు. ఎండలో నడుస్తూ ఆవిడ మనసులోనే కనకమ్మతో పోట్లాడుతోంది. ఏం అబద్ధమాడాను నేను? నా కొట్టుకొచ్చే చిల్లర బేరగాళ్ల బస్తాలు ఎప్పుడైనా కాటా ఎక్కాయా? బస్తా చెవి కుడిచేత్తో పట్టుకుని ఒక పక్క జానెడు లేపి వదులుతాను. నలభై ఆరంటే నలభై ఆరే. మా అత్తగారి హయాం నుంచీ అదే పద్ధతి. తేడా వస్తే పావుకేజీ, అదీ కుళ్లు కింద పోతుంది. ఆ రోజు దాని బస్తా నలభై ఎనిమిది అన్నాను. అంటే నలభై ఎనిమిదే.

సోమవారం పొద్దున్న కనకమ్మ వచ్చి మెల్లగా చెప్పింది. "అమ్మగారూ, మా ఊరి మిల్లు కాటా మీద పెట్టించానండి. నలభై నాలుగే తూగిందండి."

"దారిలో ఎంత అమ్ముకున్నావే?" అంది రత్నాంబ.

హమాలీలు పగలబడి నవ్వారు. మరిది పాపారావు మాత్రం నవ్వలేదు. వదినగారి ముంజేతి వైపు ఒక్క చూపు చూసి తల తిప్పుకున్నాడు. కనకమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ తుడుచుకోవడమే రత్నాంబని మూడు రోజులుగా తింటోంది. తప్పు చేసిన మనిషి అలా తుడుచుకోదు. ఆ సంగతి లోపల ఎక్కడో తెలుస్తున్న కొద్దీ కోపం ఇంకా పెరుగుతోంది.

వానాకాలంలో గోడౌన్లో ఉల్లిపొట్టు మీద కాలుజారి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పి రెండు నెలలైంది. చెయ్యి చిక్కిపోయిందనీ, కెటిల్‌బెల్ అనే పిడి ఉన్న ఇనుపగుండు కొనుక్కుని ఇంట్లో రోజూ ఎత్తమనీ, ఎంత బరువుదో తనే పట్టుకు చూసి తీసుకోమనీ ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. గూడెంలో కొంటే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. అందుకే ఏలూరు.

ఆటసామాన్ల కొట్టులో ముప్ఫై ఏళ్ల కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. పేరు ఫహీమ్ అని చొక్కా మీద బిళ్ల ఉంది.

"కెటిల్‌బెల్ కావాలి," అంది రత్నాంబ.

"ఎవరికండీ? పాపకా?"

"నాకు."

అతను వెంటనే గులాబీరంగుది ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "లేడీస్‌కి ఇది బాగా పోతుందండి. రెండు కేజీలు. చూడ్డానికి కూడా ముద్దుగా ఉంటుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. "ముద్దాడ్డానికి చంటిపిల్లని అడిగానా నిన్ను? మా వంటింట్లో కందిపప్పు డబ్బా దీనికి రెండింతలు ఉంటుంది. మంచిది చూపించు."

"తప్పైపోయిందండి," అన్నాడతను, నవ్వాపుకుంటూ. లోపలికెళ్లి నల్లటివి మూడు మోసుకొచ్చాడు. "ఆ రంగువాటిలో లోపల సిమెంటేనండి, పైన ప్లాస్టిక్ తొడుగు. కింద పడితే పగిలిపోతాయి. ఇవి పోత ఇనుము. పిడి కిందవైపు వేలు పెట్టి చూడండి. అతుకు గరుగ్గా ఉంటే వారంలో అరచెయ్యి కోసేస్తుంది."

రత్నాంబ వేలు పెట్టి రాసింది. నునుపుగా ఉంది. సరుకు తెలిసిన మనిషే. తిట్టడానికి దొరకనందుకు అతని మీద ఇంకాస్త ఒళ్లు మండింది.

"ఎంత బరువుది తీసుకోవాలి?"

"ఒంటిచేత్తో తల మీదికి అయిదుసార్లు ఎత్తగలగాలండి. అయిదోసారి కష్టంగా ఉండాలి గానీ మణికట్టు వెనక్కి వాలకూడదు. మామూలుగా ఆడవాళ్లయితే ఎనిమిదితో మొదలెట్టమంటాం. చెయ్యి విరిగినవాళ్లు నాలుగుతో మొదలెడితే మంచిదండి."

"విరిగిందని నీకెవరు చెప్పారు?"

"తలుపు ఎడంచేత్తో తోశారండి. సంచీ కూడా ఎడంచేతిలోనే ఉంది మరి."

ఇలాంటి చోట రత్నాంబకి తెలిసింది ఒకటే: సరుకు మీద చెయ్యి వెయ్యడం. కుడిచెయ్యి చాచి మూడింటిలో మధ్యదాన్ని పట్టుకుంది. అంకె కనబడకుండా మొహం గోడ వైపు తిప్పుకుంది. బస్తా దగ్గర కూడా అంతే, కళ్లు అక్కర్లేదు. లేపింది. వదిలింది.

"పదకొండు," అంది.

"ఎనిమిదండి."

"ఎనిమిదని ముద్ర కొట్టుకుంటే ఎనిమిదైపోతుందా? నేనెవర్నో తెలుసా నీకు? నలభై కేజీల బస్తాలో కుళ్లు ఎంతుందో చెబుతాను!"

"తక్కువ తూగిందని గొడవకొస్తారు గానండీ, ఎక్కువ తూగిందని గొడవకొచ్చింది మీరొక్కరే," అన్నాడు ఫహీమ్. ఇనుపగుండుని తీసి పార్సిళ్లు తూచే కాటా మీద పెట్టాడు. ఎర్రటి అంకెలు కాసేపు తడబడి నిలబడ్డాయి. ఎనిమిది కేజీల నలభై గ్రాములు.

"నీ కాటా దొంగకాటా."

"అయ్యో, అలా అనకండి."

"పక్కకొట్లోంచి కేజీ పంచదార పొట్లం పట్రా. డబ్బులు నేనిస్తాను."

అతను వెళ్లి తెచ్చాడు. పొట్లం సరిగ్గా కేజీ తూగింది. రత్నాంబ పొట్లాన్ని తిప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ కేజీయే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు అచ్చం తనదే.

"ఒక్కసారి ఎడంచేత్తో పట్టుకు చూడండి," అన్నాడు ఫహీమ్ నెమ్మదిగా.

ఎందుకని అడగబోతూనే ఎడంచేత్తో పట్టుకుని గోడ వైపు తిరిగి లేపింది.

"ఎనిమిది."

ఆవిడ అనలేదు, నోరు అనేసింది. ఎడంచెయ్యికి ఎవరూ నేర్పలేదు. ముప్ఫై ఏళ్లు పక్కన వేళ్లాడుతూ ఊరికే వింటూ ఉన్నట్టుంది. రత్నాంబ గుండుని దించి, రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కనే పెట్టి చూసింది. కుడిది చిన్నదిగా ఉంది. మణికట్టు దగ్గర గాజు వదులుగా దొర్లుతోంది. నీరసపడ్డ చేతికి అన్నీ బరువే. నలభై నాలుగు బరువెక్కి నలభై ఎనిమిదవుతుంది. రెండు నెలలుగా అదే చెయ్యి బస్తాల చెవులు పట్టుకుంటోంది. ఉంగుటూరు వాళ్లు, పెదపాడు వాళ్లు, అమ్మగారి చెయ్యని నమ్మి, బస్తా ఆటోలో వేయించుకుని పోయినవాళ్లు. వాళ్లలో ఒక్కతే తిరిగొచ్చి చెప్పింది.

కోపం ఇప్పుడు మనిషి కోసం వెతుక్కుంది. ఈ కుర్రాడా? ఇతనేం చేశాడు? కట్టు కట్టిన డాక్టరా? ఉల్లిపొట్టు ఊడ్వని హమాలీలా? అంతా తెలిసి కూడా నోరు విప్పని పాపారావా? ఒక్కొక్కర్నీ మనసులోనే బస్తాలా పట్టుకుని లేపి చూసింది. కోపం ఎవరి మీదా ఆగలేదు. ఆఖరికి ఆ మంట తిరిగొచ్చి ఆవిడ మీదే కూర్చుంది. ఇంకెక్కడికీ పోలేదు. దారిలో ఎంత అమ్ముకున్నావే! ఆ మాట అన్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు గుర్తొచ్చి పళ్లు పటపట కొరికింది.

"కూర్చుంటారా అండీ?" ఫహీమ్ ప్లాస్టిక్ స్టూలు జరిపాడు.

"కూర్చోడానికి వచ్చానా? ఆ పక్కది ఇలా తే."

అది ఆరు కేజీలది. కుడిచేత్తో భుజం దాకా తెచ్చి పైకెత్తింది. ఒకటి. రెండు. మూడోసారికి మణికట్టు వెనక్కి వాలిపోయింది, ఫహీమ్ చటుక్కున పట్టుకున్నాడు. ఆవిడ నాలుగు కేజీల దాన్ని వేలితో చూపించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి మోచెయ్యి వణికింది. అయిదోసారి పెదవి కొరుక్కుని ఎత్తింది. మణికట్టు నిలబడింది.

"ఇదే మీదండి," అన్నాడతను. "రోజు విడిచి రోజు చేయండి, రోజూ వద్దు. నెలన్నర పోయాక ఇది తెచ్చిస్తే ఆరుది మార్చి ఇస్తాను."

"మార్చకపోతే చూస్తావు నా సంగతి," అంది రత్నాంబ. గొంతులో పదును ఏమీ తగ్గలేదు.

అతను గుండుకి అట్ట చుడుతున్నాడు. రత్నాంబ ఇప్పుడు కూర్చుంది స్టూలు మీద. ఫోను తీసి పేర్లు కిందికి జరిపింది. కనకమ్మ పేరు దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చింది. ఇది రేపు చెప్పచ్చు, మనిషి ఎలాగూ మార్కెట్టుకి వస్తుంది, నలుగురూ వెళ్లాక పక్కకి పిలిచి చెప్పచ్చు అని మనసు బేరం పెట్టింది. రేపు రాకపోతే? అంతమంది ముందు ఆ మాట పడ్డాక ఇంకే కొట్టుకో పోతే? నొక్కింది. అవతల కోళ్ల అరుపులూ, ఎవరో పిల్లల కేకలూ వినబడ్డాయి.

"ఎవరండీ?"

"రత్నాంబని."

అవతల కోళ్ల అరుపులూ, పిల్లల కేకలూ దూరమయ్యాయి. కనకమ్మ ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచినట్టుంది. "చెప్పండమ్మగారూ," అంది, మళ్లీ తిట్లు పడతాయేమోనని తలవంచుకున్న గొంతుతో.

"నీ బస్తా నలభై నాలుగే," అంది రత్నాంబ.